నిమిషం బతికే నంబరు

ముత్యాలు డీజిల్ కొలిచే డిప్పుకర్రను పాత గుడ్డతో తుడిచి మళ్లీ ట్యాంకులోకి దించాడు. మొదటిసారి వచ్చిన కొలత మీద అతనికి ఎప్పుడూ నమ్మకం ఉండదు. కర్ర అడుగుకు తగిలాక మనసులో మూడు లెక్కపెట్టి పైకి తీశాడు. డీజిల్ తడి మళ్లీ ముప్పై నాలుగో గీత దగ్గరే ఆగింది. అప్పుడు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. జనరేటరు నిన్నటి నుంచి ఎన్ని గంటలు నడిచిందో చూసి రాశాడు. కరెంటు మీటరు చూసి రాశాడు. కంచె తలుపుకు తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు.

ఇబ్రహీంపట్నం శివారులో ఇది అతని మొదటి టవరు. ఏడేళ్ల కిందటి వరకూ ఆ జాగా వాళ్ల నాన్న వరినారు పోసిన మడి. ఇప్పుడు చుట్టూ తెల్లరాళ్లు పాతిన ప్లాట్లు, ఎండకు వెలిసిన రంగు జెండాలు. పట్నం ఇటువైపు నడిచి వస్తోందని అందరూ అంటున్నారు. రోజూ పొద్దున అదే మట్టి తొక్కుతూ వచ్చి కొలత తీసుకుని పోతాడు ముత్యాలు. ఇది మా మడి అని ఎవరితోనూ అనడు. అతన్ని ఎవరూ అడగరు కూడా.

అతనికి నలభై ఆరేళ్లు. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. ఎంత సబ్బు రుద్దినా చేతులకు డీజిల్ వాసన పోదు. పెళ్లిళ్లలో ఫోటో తీసేటప్పుడు వరుసలో చివరన నిలబడతాడు. ఫోటో చేతికొచ్చాక చూస్తే భుజం ఒక్కటే ఉంటుంది.

సెల్‌ఫోను టవర్లను చూసుకునే ఒక కంపెనీలో చేరి పదకొండు నెలలు దాటింది. పని పెద్దదేం కాదు. రోజుకు మూడు టవర్లు తిరగాలి, కొలతలు రాసుకోవాలి, సాయంత్రం ఆరు లోపల వాటిని కంపెనీ మెయిల్లో పంపాలి. నెలలో మూడుసార్లు రిపోర్టు తప్పితే మనిషిని తీసేస్తారు. సంవత్సరం నిండితే పర్మనెంటు చేసి, ఇంట్లో వాళ్లందరికీ ఇన్సూరెన్సు కార్డు ఇస్తారు. ముత్యాలుకు కావలసింది ఆ కార్డు. అతని భార్య రేణుకమ్మ గుండెలో ఒక కవాటం సన్నబడింది. ఆపరేషన్ చెయ్యాలని పెద్ద దవాఖాన డాక్టరు చెప్పి ఆరు నెలలయింది. సంవత్సరం నిండడానికి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఈ నెలలో రిపోర్టు ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఒకసారి వానకు రోజంతా కరెంటు లేదు. ఇంకోసారి రేణుకమ్మను దవాఖానకు తీసుకుపోయి వచ్చేసరికి చీకటి పడింది.

ముత్యాలుది బటన్ల ఫోను, మెయిలు పంపాలంటే నెట్ సెంటరుకు పోవాల్సిందే. ఆ మెయిలు తెరవడం కూడా అంత తేలిక కాదు. పోయిన ఏడు ఎవరో ఉద్యోగి నెట్ సెంటరులో మెయిలు మూయకుండా లేచిపోయాడట. ఏ టవరుకు ఏ రోజు డీజిల్ పోస్తారో అందులో చూసుకుని దొంగలు నాలుగు ట్యాంకులు తోడేశారట. అప్పటి నుంచి కంపెనీ బయట తిరిగే వాళ్లందరికీ తలా ఒక టోకెన్ ఇచ్చింది. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాని చిన్న అద్దంలో ఆరు అంకెలు కనిపిస్తాయి. పక్కన ఆరు సన్నటి గీతలు ఉంటాయి. పది సెకన్లకు ఒక గీత పోతుంది. ఆరూ పోతే పాత నంబరు చచ్చిపోయి కొత్తది పుడుతుంది. పాస్‌వర్డుతో పాటు ఆ నిమిషం నంబరు కూడా కొడితేనే మెయిలు తెరుచుకుంటుంది.

టోకెన్లు పంచిన రోజు హైదరాబాదులో ఒక హోటలు హాల్లో మీటింగు పెట్టారు. మైకు పట్టుకున్న అమ్మాయి మూడుసార్లు చెప్పింది, పాస్‌వర్డు, టోకెన్ ఎప్పుడూ ఒకేచోట ఉండకూడదని. చివరి కుర్చీలో కూర్చున్న ముత్యాలు ఆ మాటను చాలా శ్రద్ధగా విన్నాడు. బస్సులో వస్తూ దారంతా ఆలోచించాడు. పాస్‌వర్డు తన తలలో ఉంది. తల తనతోనే తిరుగుతుంది. అంటే టోకెన్ తనతో తిరగకూడదు. ఇంటికి వచ్చి దాన్ని రేణుకమ్మ చేతిలో పెట్టాడు. నంబరు ఎవరికీ చెప్పకూడదని కూడా ఆ అమ్మాయి చెప్పింది. కానీ రేణుకమ్మ ఎవరో కాదు కదా.

రేణుకమ్మకు చదువు రాదు. పదో తరగతి చదివే కూతురు పూజిత, కడప బండ మీద సుద్దతో అంకెలు రాసి తల్లికి నాలుగు రోజుల్లో నేర్పింది. టోకెన్‌ను తలకిందులుగా పట్టుకుంటే అంకెలు వేరేగా కనిపిస్తాయి కనుక, రేణుకమ్మ దాని పైకొసకు పసుపు రాసిన ఎర్రదారం కట్టుకుంది. గీతలను పుల్లలు అనేది. వాళ్ల ఇల్లు పల్లంలో ఉంది. లోపల సిగ్నల్ అందదు. టవర్లు చూసే మనిషి ఇంటికే సిగ్నల్ లేదని వాడకట్టులో నవ్వుకునేవారు. అందుకని రోజూ సాయంత్రం ఐదుంబావుకు ఆమె ఫోనూ టోకెనూ పట్టుకుని పద్నాలుగు మెట్లు ఎక్కి డాబా మీదికి పోయేది. పూజితకు స్కూల్లో ఆరింటి దాకా స్పెషల్ క్లాసులు.

మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. ముత్యాలు ఆ మాట గుర్తు చేసినప్పుడల్లా రేణుకమ్మ ఒకటే అనేది.

"రోజుకొక్కపారి. మెల్లగ ఎక్కుత. నాకేం ఫికర్ లేదు, నువ్వు రిపోర్టు తప్పకు."

ఈ పొద్దున బండి తీస్తూ ముత్యాలు మెట్ల మధ్యలో నీలం ప్లాస్టిక్ స్టూలు చూశాడు.

"గా స్టూలు ఆడెందుకున్నది?"

"మిరపకాయలు ఎండబొయ్యనీకి పెట్టిన" అంది రేణుకమ్మ.

"వచ్చేటప్పుడు ఏమన్న తేవాల్నా?"

ఆమె ఏదో చెప్పబోయి గడప మీద కూర్చుంది. కళ్లాపి చల్లిన అలసటకు ఇంకా ఊపిరి కుదురుకోలేదు. "పొద్దుమూకి ఫోన్ల చెప్తతీ. పో, నీకు యాళ్లయితున్నది."

*

నాదర్‌గుల్ టవరు దగ్గరికి చేరేసరికి పది దాటింది. తల మీదుగా శిక్షణ విమానం ఒకటి తక్కువ ఎత్తులో గిరికీ కొట్టి పోయింది. కంచె నీడలో పరశురాం కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అతను అదే కంపెనీ మనిషి, జల్‌పల్లి వైపు టవర్లు చూస్తాడు. ముత్యాలు కంటే మూడేళ్లు పెద్ద. నెలకోసారి ఫిల్టర్లు మార్చడానికి ఇద్దరూ ఇక్కడ కలుస్తారు.

"ఏం తమ్మీ, మొకం గట్ల వాడిపోయింది? మరదలు బువ్వ పెట్టలేదా?"

"పెట్టింది గని, రాత్రి నిద్ర లేదన్నా. ఆమె దగ్గుతనే ఉన్నది."

"ఇంక పదకొండు దినాలేనాయె. కార్డు చేతికొస్తె దవాఖానోళ్లే కుర్చీ ఏసి కూసోబెడ్తరు. మనల్ని కాదులే, కార్డును."

ఇద్దరూ నవ్వారు. పరశురాం లేచి ఫిల్టరు డబ్బా కోసం తన బండి దగ్గరికి నడిచాడు. జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. బండి తాళం, ఇంటి తాళం, చిన్న పోచమ్మ బిళ్ల, వాటి మధ్యన టోకెన్ వేలాడుతోంది.

ముత్యాలు చేతిలోని పానా అలాగే ఆగిపోయింది.

"గదేందన్నా, తాళాలకు కట్టుకున్నవ్?"

"మరి యాడ కట్టుకుంటరే? మొలతాడుకా?"

"ఒకతాన పెట్టొద్దన్నది గదా మీటింగుల మేడమ్?"

"ఒకతాన పెట్టొద్దంటే పాస్‌వర్డు రాసి దీని ఎనక అతికించొద్దని. పోచారంల ఒకడు గట్లనే అతికిచ్చిండట. నువ్వు యాడ పెట్టినవ్?"

"ఇంట్ల." పానాను గుడ్డతో తుడుస్తూ మిగతాది కూడా చెప్పాడు. "రేణుకమ్మ ఫోన్ల నంబర్ చెప్తది."

పరశురాం నోట్లోంచి బీడీ తీసి అతన్ని చూశాడు. నవ్వు మొదలుపెట్టాడు కానీ పూర్తి చేయలేదు. "పిచ్చోడా" అన్నాడు మెల్లగా. "పది నెలల సంది?"

ముత్యాలు ఫిల్టరు మూత బిగించాడు. బిగిసిన దాన్నే ఇంకోసారి బిగించాడు.

తర్వాత బండి మీద పోతూ పోతూ అతను అదే లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగు మెట్లు ఎక్కడం, పద్నాలుగు దిగడం. ఆదివారాలు కూడా. లెక్క పెద్దదవుతుంటే మధ్యలోనే వదిలేశాడు. రేపటి నుంచి టోకెన్ జేబులో పెట్టుకుంటే చాలు. ఇంత చిన్న సంగతి. రేణుకమ్మ ఇక మెట్లెక్కే పని లేదు. ఆ ఆలోచనకు అతని ఛాతీలో ఏదో తేలికయింది.

అయినా ఇంకొకటి కూడా అనిపించింది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. పెళ్లయి ఇరవై ఏళ్లు. ఇంట్లో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. అన్నం తిన్నవా, తలుపు పెట్టినవా, అంతే. కానీ సాయంత్రం ఫోనులో పాత నంబరు పోయి కొత్తది వచ్చేదాకా ఆగాల్సిన కొన్ని సెకన్లు ఉంటాయి. పుల్లలు ఇంకా రెండే ఉన్నయ్, ఆగు అంటుంది రేణుకమ్మ. ఆ ఖాళీలో ఆమె మాట్లాడుతుంది. గాలి చల్లగ ఉన్నది, పక్కింటోళ్ల పిల్లి పిల్లల్ని పెట్టింది, చెరువు దిక్కు కొంగలు పోతున్నయ్. ముత్యాలు ఊ కొడతాడు. ఒకసారి ఆమె, నీళ్ల డ్రమ్ము మీద కాకి కూర్చుని దాని నీడతో కొట్లాడుతోందని చెప్తే ఇద్దరూ నవ్వుతూ నంబరు పోగొట్టుకున్నారు. మళ్లీ ఒక నిమిషం ఆగాల్సి వచ్చింది. ఆ నిమిషం కూడా బాగుండింది.

రేపటి నుంచి అవి ఉండవు. పోనీలే అనుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక ఉత్తగనే ఫోను చేస్తే ఏమవుతుంది?

*

అబ్దుల్లాపూర్‌మెట్ టవరు కొలతలు తీసుకునేసరికి ఐదయింది. విజయవాడ రోడ్డు పక్కన ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. రేణుకమ్మ పొద్దున చెప్పబోయి ఆగింది బహుశా ఇవే అయి ఉంటాయి. పోయిన వారం దగ్గులోనే ఒకసారి సీతాఫలాల మాట ఎత్తింది. ముత్యాలు ఒక్కొక్క పండూ బొటనవేలితో మెల్లగా నొక్కి, కళ్లు విచ్చినవి ఆరు ఏరుకుని సంచిలో వేసుకున్నాడు.

నెట్ సెంటరు ఒకే గది. నాలుగు కంప్యూటర్లు, మధ్యలో చెక్క అడ్డాలు. నడిపే అరుణకు ముప్పై ఏళ్లు ఉంటాయి. గోడ పక్కన ఉండే మూడో కంప్యూటరును ఐదున్నరకు ముత్యాలు కోసం ఖాళీగా ఉంచుతుంది.

"రా ముత్యాలన్నా. ఇయ్యాల జల్దొచ్చినవ్. అక్కకెట్లున్నది?"

"ఉన్నది బిడ్డా."

కూర్చుని నోటుపుస్తకం తెరిచాడు. రెండు చూపుడువేళ్లతో పేరు కొట్టాడు. భుజం అడ్డం పెట్టి పాస్‌వర్డు కొట్టాడు. అప్పుడే ఫ్యాన్ ఆగింది. బల్ల కింద యూపీఎస్ కీచుమని మోగడం మొదలుపెట్టింది.

"అన్నా, కరెంటు పోయింది. బ్యాటరీ ఐదు నిమిషాలొస్తదో, నాలుగే వస్తదో. జల్ది కానియ్."

ముత్యాలు ఫోను తీశాడు. రేణుకమ్మ నంబరు నొక్కాడు. మూడోసారి తప్పితే పదకొండు నెలలూ పోతాయి, కార్డు పోతుంది. నాలుగు రింగుల తర్వాత రేణుకమ్మ ఎత్తింది. ముందు ఊపిరి వినిపించింది, తర్వాత మాట.

"ఆ... జెప్పు."

"ఎక్కినవా?"

"ఎక్కిన. జర ఆగు." గాలి పీల్చుకున్న చప్పుడు. "ఇగో మాట చెప్పాలె..."

"ముందుగాల నంబర్ చెప్పు. ఈడ కరెంటు పోయింది."

"నాలుగు... సున్న... ఏడు..." ఆగింది. "ఏడు..."

"ఊ, ఇంక రెండు."

ఫోనులో శ్వాస ఒక్కటే వినిపించింది. యూపీఎస్ కీచుమంటోంది. అరుణ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"జల్ది చెప్పు రేణుకా! నీకెన్నిసార్లు చెప్పాలె?"

"మారిపాయె" అంది ఆమె, తప్పు చేసినట్టు. "ఆగు. కొత్తది వచ్చింది. రెండు... తొమ్మిది... ఐదు..."

ఒక్కొక్క అంకెకూ మధ్య ఒక్కొక్క శ్వాస. ముత్యాలు ఒక్కొక్కటే కొట్టాడు.

"ఒకటి... ఎనిమిది..." ముత్యాలు వేలు కీ మీదే ఆగింది. ఆ తర్వాత చాలా దూరం నుంచి వచ్చినట్టు, "మూడు."

మెయిలు తెరుచుకుంది.

"తెరుచుకున్నది! ఇగ పెట్టు. ఇది పంపి మళ్ల చేస్త, నీకొక ముచ్చట చెప్పాలె."

ఆమె 'ఊ' అన్నట్టే అనిపించింది. ముత్యాలు ఫోను బల్ల మీద పెట్టి మూడు టవర్ల కొలతలూ కొట్టాడు. ముప్పై నాలుగు, ఇరవై ఒకటి, నలభై. పంపేశాడు. పోయిందని తెర మీద కనిపించింది. మెయిలు మూసి, మూసుకుందో లేదో ఇంకోసారి చూశాడు. అప్పుడు తెర నల్లబడింది.

"పోయిందా అన్నా?" అరుణ అడిగింది.

"పోయింది." అతని ముఖం చెమటతో మెరుస్తోంది. నవ్వాడు. "పోయింది బిడ్డా."

బయటికి వచ్చి సంచిని బండి హ్యాండిలుకు తగిలించి ఫోను చేశాడు. ఏం చెప్పాలో మధ్యాహ్నమంతా కూర్చుకున్నాడు. రేపటి సంది నువ్వు పైకెక్కకు, నంబర్ నా జేబులనే ఉంటది, అని. మేడమ్ చెప్పింది నేనే తప్పు సమజు చేసుకున్న, అని. ఆమె నవ్వుతుంది. నువ్వట్లనే చేస్తవ్ అంటుంది.

ఫోను మోగింది. చివరి దాకా మోగి ఆగిపోయింది.

కిందికి దిగి ఉంటుంది అనుకున్నాడు. మళ్లీ చేశాడు. మళ్లీ మోగింది.

బండి మీద ఒక కాలు వేసినవాడు అలాగే నిలబడ్డాడు. ముత్యాలుకు లోకంలో తెలిసినవి చాలా తక్కువ, కానీ ఇది తెలుసు. వాళ్ల ఇంట్లో సిగ్నల్ లేదు. ఫోను కిందికి పోతే మోగదు, అందుబాటులో లేదని ఆడగొంతు చెప్తుంది. మోగుతోందంటే ఫోను డాబా మీదే ఉంది. రేణుకమ్మ ఫోనును ఏనాడూ పైన మర్చిపోయి దిగలేదు.

*

దారిలో నాలుగుసార్లు బండి ఆపి ఫోను చేశాడు. ఆ ఆడగొంతు వినిపించాలని మొక్కుకున్నాడు. ప్రతిసారీ మోగింది.

ఇంటి ముందు బండి ఆపేసరికి పొద్దు గూట్లో పడింది. పూజిత అప్పుడే వచ్చినట్టుంది, పుస్తకాల సంచి ఇంకా భుజానే ఉంది.

"బాపూ, అమ్మ ఇంట్ల లేదు. పక్కింటి బాలనర్సమ్మత్తను అడుగుదామా?"

"నువ్వు ఈడనే ఉండు బిడ్డా."

ఒకటి, రెండు, మూడు. అతను మెట్లు లెక్కపెడుతున్నట్టు అతనికే తెలియదు. ఏడో మెట్టు మీద నీలం స్టూలు ఉంది. దాని మీద మిరపకాయలు లేవు. చుట్టుపక్కల కూడా ఎక్కడా లేవు. రెండు మడతలు వేసిన పాత చీరపేలిక ఉంది, కూర్చునేచోట నలిగి పల్చబడి. పక్కన గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనించే ఎత్తులో, నూనె మరక. ఒక్క రోజుది కాదు. ముత్యాలు ఆ మరక మీద అరచెయ్యి పెట్టాడు. మిగతా ఏడు మెట్లూ గోడ పట్టుకునే ఎక్కాడు.

రేణుకమ్మ నీళ్ల డ్రమ్ముకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కొంగు నిండుగా కప్పుకుని ఉంది. తల చెరువు దిక్కు కొంచెం ఒరిగింది. ఫోను ఆమె ఒళ్లో వెలుతురు ఆరిపోయి పడి ఉంది. అతను ముందు కూర్చుని ఆమె చెయ్యి అందుకున్నాడు. కొంచెం సేపు అలాగే పట్టుకున్నాడు.

"పంపిన రేణుకా" అన్నాడు. "రిపోర్టు పోయింది."

కింద నుంచి పూజిత పిలిచింది. "బాపూ? అమ్మ పైనున్నదా?"

ముత్యాలు ఆమె చెయ్యిని మెల్లగా ఒళ్లో పెట్టి మెట్ల వైపు తిరిగాడు.

"ఉన్నది బిడ్డా. బాలనర్సమ్మత్తను పిలువు. జల్దేం వద్దు. మెల్లగ పిలువు."

తర్వాత మెట్ల మీద చాలా కాళ్లు ఎక్కాయి. బాలనర్సమ్మ గొల్లుమంది. మధ్యాహ్నం కూడా నాతోని మంచిగ మాట్లాడెనమ్మా అని ఆమె అదే మాట అంటూ ఏడ్చింది. పూజిత అరుపు ఒక్కసారే వినిపించి ఆగిపోయింది. నలుగురు మగవాళ్లు రేణుకమ్మను దుప్పటిలో పడుకోబెట్టి ఒక్కొక్క మెట్టే దించారు. ముత్యాలు ముందు నడుస్తూ నీలం స్టూలును దారికి అడ్డం లేకుండా తీసి పట్టుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వాకిలి దాకా చేతిలోనే మోసుకుపోయాడు. బండి హ్యాండిలుకు తగిలించిన సంచిలో సీతాఫలాలు అలాగే ఉండిపోయాయి. ఆమె చెప్పబోయిన మాట ఏమిటో ఇక ఎవరూ చెప్పరు.

డాబా మీద ఎవరూ లేరు. గాలి చల్లగా ఉంది. చెరువు దిక్కు నుంచి కొంగలు తిరిగి వస్తున్నాయి. డ్రమ్ము పక్కన, ఎర్రదారం కట్టిన కొసను పైకి పెట్టి జాగ్రత్తగా ఆనించినట్టున్న టోకెన్‌లో, ఒక్కొక్క పుల్లే పోతూ పోతూ ఆరూ అయిపోయి, మళ్లీ ఆరు పుల్లలూ నిలబడ్డాయి.